వల కన్ను

గలీసియా రేవులో నలభై ఏళ్ళు వలలు అల్లాను.
వదిలెయ్యాల్సిన చేపను చూసి కన్ను పెట్టు,
పట్టాల్సిన చేపను చూసి కాదు
అనేది నాకు పని నేర్పిన దొరిందా.
అందుకే ఎలాడియో సీసాలు మోసుకొచ్చిన రోజు
ముందు వాటి బెజ్జాలు చూశాను.

ఫిబ్రవరి. వాన ఇంకా మా సందులోనే కాపురముంది.
కమేలియాలు మాత్రం ఎవరి మాటా వినకుండా పూశాయి.
ఆ పూలకే వస్తుంది నిద్ర లేచిన రాణి,
ఆసియా కందిరీగ:
నల్ల మఖమల్ రవికె, పసుపు మేజోళ్ళు,
నడుం కింద ఒక్క నారింజ పట్టీ.
ఒంటరిది.
అక్టోబరు దండంతా దాని కడుపులోనే ఉంది.

"సీసా మెడ కొయ్యి, బీరు పొయ్యి, అంతే" అన్నాడు ఎలాడియో.
వాడివి పదకొండు తేనెపెట్టెలు, ఇప్పుడు మూడు.
కోపం ఉంటుంది మరి.

వారం తరవాత బల్ల మీద గుమ్మరించాం.
ఒక్క రాణి.
దాని చుట్టూ నానిపోయిన ఈగలు, చిమ్మటలు,
రెక్క ఊడిన సీతాకోక,
ఈ నేలలోనే పుట్టిన ఎర్ర కందిరీగ ఒకటి,
బొద్దుది, మా చూరులో బతికి
మా జోలికెప్పుడూ రానిది.
ఎలుక మీద కోపం.
తగలబడుతున్నది ఇల్లు.
ఎలాడియో రాణిని లెక్కపెట్టాడు.
మిగతావి నేను పెట్టాను: మూడువందల పన్నెండు.

ఆ రాత్రి డ్రిల్లు పట్టుకు కూచున్నాను.
లోపలికి దారి ఏడు మిల్లీమీటర్లు,
బొద్దుది ఇక దూరలేదు.
బయటికి దారులు అయిదున్నర,
చిన్నవాళ్ళెవరైనా పోవచ్చు.
ఎవరూ మునగకుండా అడుగున జల్లెడ.
బీరులో కాస్త తెల్ల వైను,
తేనెటీగలకు ఆ వాసన గిట్టదు.
మర్నాడు పొద్దున చూస్తే
ఒక ఈగ బెజ్జంలోంచి బయటపడి
సీసా భుజం మీద కూచుని
తీరిగ్గా కాళ్ళు తుడుచుకుంటోంది,
పెళ్ళిభోజనం చేసొచ్చినట్టు.

మే నెలాఖరుకి తీసెయ్యాలన్నాను.
రాణులు గూళ్ళల్లో పడ్డాక
సీసాలో పడేది ఊళ్ళోవాళ్ళే.
ఎలాడియో వినలేదు.
ఇరవైరెండు సీసాలు
చీకట్లో దొంగలా నేనే విప్పుకొచ్చాను.
పది రోజులు నాతో మాట్లాడలేదు.
పదకొండో రోజు నిచ్చెన అడగడానికొచ్చాడు.
ఫెర్మిన్ గరాజు చూరు కింద నిమ్మకాయంత గూడు.
వాడు నిచ్చెనెక్కాడు, నేను జాడీ మూత అందించాను.
మాటలు మళ్ళీ అక్కణ్ణించే.

ఆగస్టు.
పెట్టె గుమ్మం ముందు, గాలికి మేకు కొట్టి తగిలించినట్టు
కదలకుండా నిలబడతాయి.
పుప్పొడి బరువుతో వచ్చే ఈగ కోసం.
అప్పుడు మళ్ళీ ఉచ్చులు, పెట్టెల పక్కన మాత్రమే.
ఈసారి తీపి పనికిరాదు, ఇంట్లో పిల్లలకు మాంసం కావాలి వాటికి.
సార్డీన్ తలలు పెట్టాను.
నా చేతులకు మళ్ళీ పాత వాసన.

ఓక్ ఆకులు రాలాక కనిపించింది,
ఏడాదంతా మా నెత్తి మీదే ఉన్నది,
గుమ్మడికాయను మించిన గూడు.
మంచు పడ్డాక ఎలాడియో దించి తెచ్చాడు. ఖాళీది.
కత్తితో చీల్చాను.
అంతస్తు మీద అంతస్తు, నమిలిన బెరడు కాగితం,
ఒక్క గది కూడా వంకర లేదు.
నలభై ఏళ్ళలో నా వలకు
ఇంత సమమైన కన్ను పడలేదు.
ఎక్కడో తూర్పున, ఓడెక్కే కుండల్లో
నిద్రపోయిందట వీటి అవ్వ.
ఎక్కడ లేస్తానో దానికేం తెలుసు?

చాలాసేపు చూస్తూ కూచున్నాను.
మూడు పెట్టెల్లో రెండు బతికాయి.
గెలిచామని ఎలాడియో అనలేదు, నేనూ అనలేదు.

కమేలియా మొగ్గలు బిగుస్తున్నాయి.
వాడు జేబులోంచి డ్రిల్లు ములికి తీసి
దీపం దగ్గరగా పట్టి చూస్తున్నాడు:
"ఇది అయిదున్నరేనా, ఒబ్దూలియా?
నా కళ్ళు సరిగా ఆనడం లేదు."